మంచు పట్టని స్ఫటికం

ఆరు నెలల చాకిరీకి పరిశోధక విద్యార్థిని బోగ్నాకు దక్కింది ఒకే ఒక్క స్ఫటికం. వార్సాలో ఆమె పనిచేసే ల్యాబులో సీనియర్ యెరేమి దాన్ని మైక్రోస్కోపులో చూసి, ఉప్పుముక్కేమోనని సూదితో నొక్కాడు. ఉప్పయితే టక్కున విరగాలి. ఇది మెత్తగా పొడైపోయింది. అంటే అసలైన ప్రోటీనే.

“ఉప్పేమో అనుకున్నానండీ.”

“అనుకుని ఊరుకోవచ్చుగా. మీకు సూది ఇచ్చిందెవరండీ?”

ఆ ప్రోటీను ఈస్టులోని ఒక ఎంజైము. జన్యువుల కబురు మోసే మెసెంజర్ ఆర్ఎన్ఏ కొసకు టోపీ తొడగడం దాని పని. టోపీ లేని కబురును కణం చించి పారేస్తుంది. స్ఫటికం ఉంటేనే ఎక్స్-రేలు వేసి ఆ ఎంజైము ఆకారం చూడగలరు. బోగ్నా వారం పాటు అతని మొహం చూడలేదు.

ఆ తర్వాత యెరేమి చిన్న డబ్బాలో పిల్లి మీసం తెచ్చాడు. అది దానంతటదే రాలిందని, పీకలేదని ఒట్టేశాడు. పొడికి ఆ మీసం తాకించి కొత్త ప్రోటీను ద్రావణం చుక్కల్లో గీస్తే, పొడే విత్తనమై స్ఫటికాలు మొలుస్తాయి. ఆ పనివాళ్ళకు తెలిసిన పాత చిట్కా. మొలిచాయి కూడా. అవి పెరిగేలోపు ఇద్దరి మధ్య ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఒకే గిన్నెలో ఊరబెట్టిన దోసకాయల సూపు తాగడం, ఒకే గొడుగులో ట్రాము దాకా తడుస్తూ నడవడం అలవాటైపోయాయి. ప్రేమ మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

అంతలో లిస్బన్‌లో అతనికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఈస్టర్‌లోగా ఈ ఎంజైము ఆకారం తేలితేనే. తేలకపోతే ఇంకో ఏడాది ఇక్కడే. బోగ్నా చదువు ఇంకా మూడేళ్ళుంది. అతని వెంట వెళ్ళే వీలు లేదు.

ఎక్స్-రేలకు ముందు స్ఫటికాలను ద్రవ నైట్రోజన్‌లో ముంచే పని ఆమెదే. ముందు గ్లిసరాల్‌లో తడపాలి. లేకపోతే మంచు పట్టి పాడైపోతాయి. ఒక్క క్షణం మరిచిపోతే చాలు, అతను ఉండిపోతాడు. ఎవరికీ అనుమానం రాదు. ఆమె చెయ్యి ఆగింది. ఇంత పాపిష్టి ఆలోచన ఎలా వచ్చిందని తన మీద తనకే అసహ్యం వేసింది. ప్రతి స్ఫటికాన్నీ శ్రద్ధగా తడిపింది.

ఎక్స్-రే బొమ్మలు అద్దంలా వచ్చాయి. ఎంజైము ఆకారం తేలింది. ల్యాబంతా కేకు కోసుకుంది. బోగ్నా అందరికంటే ఎక్కువగా నవ్వింది.

సాయంత్రం ట్రాము స్టాపులో వాన. యెరేమి గొడుగు విప్పాడు.

“ఒక మాట చెబితే తిట్టవుగా? ప్రతి బొమ్మా తెర మీద తెరుచుకునేటప్పుడు, ఇందులో మంచు పట్టి ఉండాలి దేవుడా అని మొక్కుకున్నాను.”

“మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?”

“నువ్వంత కష్టపడుతుంటే పాడుచెయ్యమని ఎలా అడగను? పైగా నువ్వు నన్ను ఉండమని అననే లేదు.”

“పాడుచెయ్యాలని నాకూ అనిపించింది, యెరేమి. ఒట్టు.”

అతను మొహం తిప్పుకున్నాడు. లిస్బన్ కాగితాల మీద మధ్యాహ్నమే సంతకం చేశాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. వచ్చిన ట్రామునల్లా వదిలేస్తూ, ఆఖరి ట్రాము కూడా వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడ్డారు.