అరవై ఎనిమిది ఆదివారాలు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కుట్టుమిషను. మనుషులు లేవడం దాని చప్పుడుకే. కానీ ఆ రోజు మిషను లేవలేదు. నాయనమ్మ దానికి దుప్పటి కప్పి, చుట్టూ తాడు బిగించి, పక్కనే సూట్‌కేసు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. పది గంటలకు వ్యాను వస్తుంది. నగరానికి అటు చివర పెద్దవాళ్లుండే హాస్టల్లో ఒక గది ఖాళీ అయిందట. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఆ మాటకొస్తే, ఉండమనీ ఎవరూ అనలేదు.

"నేను కింద ఉన్నన్నాళ్లూ మీ అమ్మ పైనుంచి దిగదే పిచ్చుకా" అంది, మనవరాలి చేతిలోంచి టీ కప్పు అందుకుంటూ. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. పాత కత్తిని, నేనే పోతాను."

"తుప్పు పట్టినా పదును తగ్గలేదు కదా, ఉండు."

"నీ నోరు అచ్చం మీ నాన్నదే" అని నవ్వబోయి, నాయనమ్మ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

పిచ్చుక అని పేరు పెట్టింది నాన్నే. ఇప్పుడు దానికి పదిహేడేళ్లు, అయిదడుగుల ఏడంగుళాలు. పిచ్చుక అంటే కొత్తవాళ్లు నవ్వుతారు. నాన్న బస్సు డిపోలో మెకానిక్. మనిషి పోయి రెండేళ్ల పైమాటే.

అమ్మ కథ వేరు. ఆమె అయిదేళ్లు ఆకాశంలో ఉద్యోగం చేసి వచ్చింది. ఎక్కడో నల్లటి చీకట్లో మంచుగడ్డలు తవ్వే యంత్రాలుంటాయి. వాటికి ఒక్క మనిషి కాపలా. ఇద్దరిని పంపితే తిండికీ గాలికీ ఖర్చు రెట్టింపని కంపెనీ ఒక్కరినే పంపుతుంది. ఇక్కడ అన్న మాట అక్కడికి చేరడానికి నలభై నిమిషాలు, జవాబు రావడానికి మరో నలభై. అలా బతికి వచ్చిన మనిషికి ఎవరేమడిగినా వెంటనే బదులివ్వడం రాదు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే, పళ్లెం కడిగి బోర్లించాక సరిపోయిందని అంటుంది.

ఆమెకు ఈ ఇంటినుంచి ఆదివారం ఆదివారం ఒక సందేశం వెళ్లేది. మాట్లాడేది ఎక్కువగా నాన్నే. డిపో కబుర్లు, పక్కింటివాళ్ల గొడవలు, ఆయన మార్కు జోకులు. ఆయన పోయిన మూడో రోజున కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి, ఒంటరి ఉద్యోగికి చావు కబురు చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకుంది. అంతకుముందు ఒకతను అలాంటి కబురు విని, తలుపు తీసుకుని బయటికి నడిచాడట. అక్కడ బయట గాలి ఉండదు. చెప్పొద్దంది సరే, మరి ఆదివారం వస్తే ఏం పంపాలో ఆ మహాతల్లి చెప్పలేదు. ఏమీ పంపకపోతే అదే కబురైపోతుంది కదా!

అందుకని నాన్న పాత సందేశాల్లోంచి మాటలు కోసి, అతికితే, కొత్త సందేశాలు తయారయ్యాయి. ఒకటీ రెండూ కాదు, అరవై ఎనిమిది వారాలు. అమ్మ తిరిగొచ్చి, భర్తకోసం తెచ్చిన మెరిసే రాయిని చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడితే, అత్తగారు తల వంచుకుని "నీ మొగుడు లేడమ్మా. ఆ మాటలన్నీ నేనే అతికి పంపాను. ఏమన్నా అంటే నన్నే అను" అంది. అమ్మ ఏమీ అనలేదు. పైన సామాన్ల గదిలోకి వెళ్లి మంచం వేసుకుంది. అది ఏడాది కిందటి మాట.

తొమ్మిదిన్నరకు పిచ్చుక మెట్లెక్కింది.

అమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పగలే అయినా కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టే ఉంది.

"అమ్మా, నాయనమ్మ వెళ్లిపోతోంది."

పిచ్చుక ఆగింది. ఆ ఇంట్లో ఆగడం అందరికీ అలవాటే.

"తెలుసు" అంది అమ్మ చివరికి.

"ఆపవా?"

"నేను పొమ్మనలేదుగా."

"నీ మౌనం కంటే పొమ్మనడమే నయం."

అమ్మ అలవాటు ప్రకారం ఉన్నదంతా ఒక్కసారే చెప్పింది. "లేని మనిషి గొంతుతో నాకు కబుర్లు చెప్పించింది మీ నాయనమ్మ. నేను వాటికి జవాబులు పంపాను. నడుంనొప్పి తగ్గిందా అని అడిగాను. డాక్టరుకి చూపించుకోమని పోట్లాడాను. ఆయన జోకులేస్తే ఆ ఇనప గదిలో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. మొగుడు పోయి ఏడాదైతే నేను నవ్వుతూ కూర్చున్నాను. ఆవిడ మొహం ఎలా చూడమంటావు?"

పిచ్చుక రెండేళ్లుగా దాచుకున్న మాట ఒకటుంది. ఇప్పుడు చెప్పకపోతే పది గంటలకు నాయనమ్మ తన తప్పును సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లిపోతుంది.

"అది చేసింది నాయనమ్మ కాదు. నేను."

అమ్మ తలెత్తింది.

"మొదటి ఆదివారం నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. లేపితే లేవలేదు. టైమైపోతోంది. నాకేం చేయాలో తెలియక నాన్న పాత మాటలు అతికి పంపేశాను. ఒక్క వారమే అనుకున్నాను. నాయనమ్మకి తెలిసేసరికే నాలుగు వెళ్లిపోయాయి. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఎవరడిగినా తనే చేశానంటానంది. టీవీ రిమోటు తిరగేసి పట్టుకునే మనిషమ్మా ఆవిడ! నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

జవాబు కోసం ఈసారి ఎంతసేపు ఆగిందో పిచ్చుకకు తెలియదు.

"వచ్చింది" అంది అమ్మ.

"ఎప్పుడు?"

"మూడో వారం. ముందు వారం తుమ్మిన తుమ్మే మళ్లీ తుమ్మాడు. మీ నాన్న తుమ్ము నాకు తెలియదా? ముందు రెండుసార్లు ఎగబీల్చి, 'అమ్మో' అని, అప్పుడు పేల్చేవాడు. పక్క వీధి కుక్కలు మొరిగేవి. ఆ తుమ్మే, ఆ 'అమ్మో'నే, మార్పు లేకుండా."

తుమ్ము ఉంటే నాన్న నిజంగా ఉన్నట్టుంటుందని పిచ్చుకే ఏరికోరి పెట్టింది. ముందు వారం కూడా పెట్టానని మర్చిపోయింది.

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"తెలిసిందని ఒప్పుకుంటే ఆ ఇనప గది తలుపు తీసుకుని బయటికి నడిచేదాన్ని. అందుకని తెలియనట్టే విన్నాను. అరవై ఆరు ఆదివారాలు నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. వచ్చాక ఆ కోపం ఎవరిమీదో ఒకరిమీద పడాలి కదా. అత్తయ్య గుమ్మంలోనే తల వంచింది. వంచిన తల కదా అని దానిమీదే పెట్టేశాను."

"అయితే కిందికెందుకు రావు?"

"వస్తే అడగాలి. ఆయన ఎలా పోయాడని అడగాలి. అడిగితే నిజంగా పోయినట్టే కదే."

పిచ్చుక నేలమీద కూలబడిపోయింది. "నాకూ తెలియదమ్మా. నేను స్కూల్లో ఉన్నాను. నాయనమ్మ ఒక్కతే ఉంది ఇంట్లో. నేను అడగలేదు, తను చెప్పలేదు. నాన్న గొంతు అన్నిసార్లు విన్నాను కానీ ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడిస్తే గొంతు బొంగురుపోతుంది, సందేశం చివర్లో నేను మాట్లాడే మాటల్లో నువ్వు పట్టేస్తావని."

ఆ మాట విన్నాక అమ్మ మంచం దిగింది. వచ్చిన ఏడాదిలో ఎవరినీ ముట్టుకోని మనిషి, కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కొంగు కోసం వెతికి, దొరక్క అరచేత్తోనే తుడిచింది. "పద్నాలుగేళ్లే నీకప్పుడు" అంది. తర్వాత మెట్లవైపు నడిచింది.

కోడలు దిగడం చూసి నాయనమ్మ గాభరాగా సూట్‌కేసు పిడి పట్టుకుంది. "వెళ్తున్నానమ్మా, వ్యాను వచ్చేస్తుంది."

"కూర్చోండి అత్తయ్యా."

నాయనమ్మ, కోడలి వెనకాల ఉన్న మనవరాలి ఎర్రటి కళ్లు చూసింది. "చెప్పేశావా? కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఎన్నిసార్లు చెప్పానే నీకు!"

"పడనీ నాయనమ్మా."

అమ్మ నేలమీదే, అత్తగారి కుర్చీ దగ్గర కూర్చుంది. ఏం చేయాలో తెలియనట్టు కాసేపు మిషను తాడును వేలితో రాసింది. "ఆయన ఎలా పోయాడు అత్తయ్యా? నేనింతవరకూ అడగలేదు. మీ కొడుకే కదా, మిమ్మల్నీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెప్పండి."

నాయనమ్మ సూట్‌కేసు పిడి వదిలేసింది.

"మంగళవారం. మధ్యాహ్నమే వచ్చేశాడు. ఒంట్లో నలతగా ఉందన్నాడు. నేను అప్పుడే గచ్చు తుడిచాను. ఆ డిపో బూట్లతో సరాసరి లోపలికొచ్చాడు, ఎక్కడ చూసినా నల్లటి నూనె మరకలు. నేను... నేను కుడుతున్న బట్ట విసిరికొట్టి తిట్టాను. 'బూట్లు బయట విప్పరా, కళ్లు నెత్తికెక్కాయా' అన్నాను. అక్కడే గుమ్మంలో కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పుతున్నాడనుకుని నేను మిషను తొక్కుతున్నాను. చప్పుడు లేదేమిటా అని తిరిగి చూశాను." ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. "వాడు చివరగా విన్నది నా తిట్టమ్మా. ఎంత బాధగా ఉందిరా అని కూడా అడగలేదు. ఆ మాట నీకు చెప్పే ధైర్యం నాకెక్కడిది? దొంగ సందేశాల నేరం మీద వేసుకోవడం నాకు చాలా తేలిక."

బయట వ్యాను హారను మోగింది. మళ్లీ మోగింది.

"తిట్టినప్పుడు ఏమన్నాడు?" అని అడిగింది అమ్మ.

"నవ్వాడు. 'విప్పుతున్నానే తల్లీ' అన్నాడు."

అమ్మ అత్తగారి ఒడిలో తల పెట్టి, ఇల్లు అదిరేలా ఏడ్చింది. నాయనమ్మ వంగి ఆ తలను పొదివి పట్టుకుంది. పిచ్చుక వచ్చి ఇద్దరి మధ్యలో దూరింది. రెండేళ్ల కిందట పోయిన మనిషి కోసం ముగ్గురూ ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదలు.