రూబెన్ మలుపు దగ్గర బూట్ల చప్పుడు

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే రోడ్డులో రూబెన్ మలుపని ఒకటుంది. పగలు చూస్తే అక్కడ ఏముంటుంది? సిమెంటు లారీల దుమ్ము, నాలుగు తుమ్మచెట్లు, కార్గిల్ యుద్ధంలో చనిపోయిన సిపాయి రూబెన్ విగ్రహం... అంతే. చీకటి పడిందా — లారీవాళ్ళు కూడా హారన్ కొట్టకుండా, పక్కకి చూడకుండా పోతారు.

ఎందుకంటారా? ఈ జూలై మొదలైన దగ్గర్నుంచీ అక్కడ బూట్ల చప్పుడు వినిపిస్తోందట. మనిషి కనపడడు. ధన్... ధన్... ధన్... అని చప్పుడొక్కటే. పాలకేంద్రం నుంచి వస్తున్న రత్నబాబు అది విని, సైకిలు సంగతే మర్చిపోయి ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చాడు. జ్వరం తగ్గేదాకా మంచం దిగలేదు.

ఈ కబురు బళ్ళోకి పాకింది. ఏటా కార్గిల్ దివస్ నాడు పిల్లలంతా వరసకట్టి వెళ్ళి ఆ విగ్రహానికి పూలు వేసేవాళ్ళు. ఈసారి తల్లులు ససేమిరా అన్నారు. "దెయ్యం దగ్గరికి మా పిల్లల్ని పంపం" అని హెడ్మాస్టారి మొహం మీదే చెప్పేశారు.

ఆ మాట రూబెన్ భార్య జయమణి చెవిన పడింది. ముక్త్యాల సెంటర్లో ఆవిడది టిఫిన్ బండి. ఆవిడ పెసరట్టూ కరకర, మాటా కరకర. దేశం కోసం ప్రాణం పెట్టిన మనిషిని దెయ్యమంటారా? తెల్లారితే కార్గిల్ దివస్. పిల్లలు రాకపోతే ఆయనకి పూలు వేసేదెవరు?

ఆ సాయంత్రమే బండి సర్దేసి, టార్చిలైటూ అట్లకాడా పట్టుకుని బయల్దేరింది. నిజం చెప్పాలంటే కోపం ఒక్కటే కాదు. లోపల్లోపల ఓ చిన్న ఆశ. ఒకవేళ నిజంగా ఆయనే అయితే... సెలవుకి వస్తానని చెప్పి రాకుండా పోయినందుకు ముందు నాలుగు దులిపి, ఆ తర్వాత ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని.

మబ్బు పట్టి ఉంది. జయమణి మలుపు చేరి, విగ్రహం గద్దె వెనక కూర్చుని టార్చి ఆర్పేసింది. కప్పలు అరుస్తున్నాయి... అరిచి అరిచి, ఉన్నట్టుండి ఆగిపోయాయి.

ధన్... ధన్... ధన్...

జయమణి అట్లకాడ గట్టిగా పట్టుకుంది. చప్పుడు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. సరిగ్గా విగ్రహం ముందు ఆగింది.

"సావధాన్..." చీకట్లో ఎవరో గుసగుసగా అన్నారు.

తర్వాత పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కో పేరుకీ ఒక్కో గొంతు "హాజర్..." అని మెల్లగా పలుకుతోంది. చివరికి —

"సిపాయి రూబెన్."

ఎవరూ పలకలేదు. జయమణి తట్టుకోలేకపోయింది. ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే జవాబు లేకపోవడమేంటి?

"ఉన్నాడు... ఇక్కడే ఉన్నాడు" అంది గద్దె వెనక నుంచి.

"బాబోయ్" అని ఒక కేక. ఒకాయన తుమ్మచెట్టుకి గుద్దుకున్నాడు, ఇంకొకాయన నీళ్ళగుంటలో పడ్డాడు. జయమణి టార్చి వేసి చూస్తే ఏముంది — కింద బూట్లు, పైన లుంగీలు. రిటైరైన హవల్దారు డేవిడ్‌రాజు, రూబెన్‌తో కలిసి కార్గిల్ కొండలెక్కిన తక్కిన సిపాయిలూ.

"చీకట్లో ఇదేం పనన్నయ్యా?"

డేవిడ్‌రాజు గుంటలో కూర్చునే బురద తుడుచుకున్నాడు. "పోయినేడు కార్గిల్ దివస్ నాడు ఇక్కడ చేసిన పరేడ్లో మా కాళ్ళు కలవలేదు చెల్లెమ్మా. కుర్రాళ్ళు వీడియో తీసి ఊరంతా పంచారు. పొట్టలొచ్చేశాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. వాడి ముందు మళ్ళీ తప్పుకాలు వేస్తే ఎట్టా? అందుకే ఎవరూ చూడకుండా..."

"మరి ఆయన్ని పిలిచారేంటి?"

"వాడి పేరు పిలవకుండా మేమెప్పుడూ వరసలో నిలబడలేదమ్మా. పిలుస్తాం... కాసేపు ఆగుతాం. అంతే."

జయమణి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని అట్లకాడ ఎత్తింది.

"పొద్దున్నే బడికెళ్ళి, ఆ దెయ్యాలు మేమేనని మీ నోటితో మీరే చెప్పండి."

"పరువు పోద్ది చెల్లెమ్మా."

"మీ వల్ల ఆయన పరువు పోయిందిగా."

మర్నాడు బళ్ళో ప్రార్థన అయ్యాక ఆ పెద్దమనుషులు తలలు దించుకుని చెప్పారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుతోనే పూలు పట్టుకుని మలుపు దాకా వాళ్ళ వెనక నడిచారు. తల్లులూ వచ్చారు.

పరేడ్ మొదలైంది. ఎంత ప్రాక్టీసు చేసినా కాళ్ళు మళ్ళీ కలవలేదు. డేవిడ్‌రాజు అందరి పేర్లూ పిలిచి, గొంతు సవరించుకుని "సిపాయి రూబెన్" అన్నాడు.

ఈ జవాబు తనే చెప్పాలని జయమణి రాత్రంతా అనుకుంది. తీరా ఇప్పుడు విగ్రహం వంకే చూస్తూ నిలబడిపోయింది.

పక్కవాడు బడికి రాకపోతే వాడి హాజరు తామే పలికేసే పిల్లలు కదా వాళ్ళు. పేరు పిలిచాక ఎవరూ పలక్కపోతే వాళ్ళకి ఊరుకోవడం తెలీదు. అందరూ కలిసి ఒక్క గొంతుతో అరిచారు.

"ప్రెజెంట్ సార్!"