పెరుగు మీద పడిన నింద

"కాళ్ల కింద దిండు పెట్టు, మహ్‌రో. త్వరగా."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన అమ్మ కేకేసింది. వంటింటి గడప దగ్గర బామ్మ స్పృహ తప్పి పడి ఉంది. మొహం సున్నంలా పాలిపోయింది. మహ్‌రో దిండు తెచ్చింది. బయట ఇరాన్‌లోని యజ్ద్ ఊరి ఎండ మండిపోతోంది.

బామ్మ కళ్లు తెరిచింది. అమ్మ పటికబెల్లం వేసిన వేడి టీ కొద్దికొద్దిగా తాగించింది. అప్పుడే అమ్మ చూపు బల్ల మీది గిన్నె మీద పడింది. పెరుగు, దోసకాయ ముక్కలు.

"ఇదెవరిచ్చారు?"

"పక్కింటి తూబా ఖానుమ్," అంది మహ్‌రో.

"అదీ సంగతి. పెరుగూ చలవే, దోసకాయా చలవే. ఎనభై ఏళ్ల ఒంట్లో అసలే వేడుండదు. ఇక ఆవిడ మన గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

బామ్మకు ఈ వీధిలో ఉన్నది ఆ ఒక్క స్నేహితురాలే.

అమ్మ కబురు పెడితే, మూలికల కొట్టు వైద్యుడు సైఫుల్లా ఆగా వచ్చి బామ్మ నాడి పట్టుకున్నాడు.

"పెరుగు ఎంత తిన్నారు?"

"రెండు చెంచాలు," అంది బామ్మ.

"పాపం, ఆ పెరుగుకు నోరుంటే కోర్టుకెక్కేది. చలవ కాదు అమ్మాయ్, ఆకలి. మూడు రోజులుగా కడుపులో సరిగా ఏమీ పడలేదని నాడే చెబుతోంది."

"అదెలా? రాత్రిపూట అరగదని టీ, రొట్టెతో సరిపెడతారు, నిజమే. కానీ మధ్యాహ్నానికి అల్లం, దాల్చినచెక్క వేసి మాంసం పులుసు చేసి పెట్టే ఆఫీసుకు వెళ్తున్నాను. వచ్చేసరికి గిన్నె ఖాళీ."

మహ్‌రో తల దించుకుంది. తాతయ్య పోయాక బామ్మకు ఒంటరిగా ముద్ద దిగదు. అందుకే సెలవుల్లో పక్కన కూర్చుని తినమని అమ్మ మహ్‌రోకు చెప్పింది. కానీ బామ్మ ఒక్కో ముద్దా ఎంతసేపు నములుతుందో. మూడు రోజులుగా మహ్‌రో పళ్లెం అక్కడ పెట్టి, ఫోన్‌తో మేడెక్కేసింది. దిగి వచ్చేసరికి పులుసు చల్లారిపోయి ఉండేది. దాని ముందు బామ్మ అలాగే కూర్చుని ఉండేది.

"నువ్వొస్తావని చూశాను, నా ప్రాణమా," అనేది.

అమ్మ తిడుతుందని మహ్‌రో ఆ పులుసు వీధి పిల్లులకు పోసేసేది.

గుమ్మంలో తూబా ఖానుమ్ కనిపించింది. "అక్కా, ఎలా ఉన్నావు?"

"మీ పెరుగు తిన్నాకే ఇలా అయింది," అంది అమ్మ.

"ఆకలి లేదంటే బతిమాలి తినిపించాను. అది తప్పయితే ఇక రానులే." ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఎవరినీ ఏమీ అనకండి," అంది బామ్మ గోడకేసి చూస్తూ. "పులుసు రోజూ నేనే తాగాను."

మహ్‌రోకు అర్థమైంది. తనకు తిట్లు పడకూడదని బామ్మ ఉన్న ఒక్క స్నేహితురాలినీ వదులుకుంటోంది.

మహ్‌రో పరుగెత్తి తూబా ఖానుమ్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. రాత్రికని ఉంచిన పులుసు వేడి చేసి గిన్నెల్లో పోసింది. బామ్మ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, రొట్టె తుంచి పులుసులో నానబెట్టింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"పెరుగు కాదమ్మా. తూబా ఖానుమ్ కూడా కాదు. బామ్మను ఒంటరిగా వదిలేసి, పులుసు పిల్లులకు పోసింది నేనే."