మూడు చుక్కలు, ఒక్క నిమిషం

"వేషం ఏం వెయ్యమంటారు సార్?" అడిగాడు ఏజెంట్ అర్సేనీ జిమిన్.

"తెల్లకోటు చాలు," అన్నాడు కల్నల్ బులాతొవ్, టీలో నిమ్మచెక్క నలుపుతూ. "కట్టుకున్న పెళ్లానికే నువ్వెవరో తెలీదాయె."

నాలుగు నెలల క్రితం లెనిన్‌గ్రాద్ నడివీధిలో ట్రామ్ ఢీకొని అతని భార్య తైసియా తల పగిలింది. ఆమె డబుల్ ఏజెంట్. దెబ్బతిన్న మెదడును బాగుచేసే కొత్త పెప్టైడ్ మందు ఫార్ములాను ఒక విదేశీ ముఠాకు అమ్ముతున్నట్టు నటించడం ఆమె డ్యూటీ. ఫార్ములా ఫిల్మ్ ఎక్కడ దాచిందో ఆమెకొక్కదానికే తెలుసు. ఇప్పుడు తన పేరే గుర్తులేదు.

"అదే మందు ఆవిడకి వేద్దాం," అన్నాడు కల్నల్. " ఫిల్మ్ దొరుకుతుంది. ఆవిడ ఎవరి మనిషో కూడా తేలిపోతుంది."

"మన మనిషే సార్."

"చూద్దాం."

పొద్దునా సాయంత్రం, ఒక్కో ముక్కు రంధ్రంలో మూడేసి చుక్కలు. అర్సేనీ ఆసుపత్రి ఫ్రిజ్‌లోంచి సీసా తీసి తనే వేసేవాడు.

"అబ్బా, మంచుగడ్డలా ఉంది. కాస్త చేతిలో పెట్టుకుని వెచ్చబెట్టొచ్చుగా?"

"వేడి తగిలితే మందు పాడైపోతుందండీ."

"నువ్వూ నీ మందూ!"

నాలుగో రోజు ఆమె బార్లీ జావ పక్కకి నెట్టేసింది. "చిన్నప్పట్నుంచీ ఇది నాకు పడదు." చిన్నప్పట్నుంచీ అన్నదే! ఆ పిచ్చి మనిషి వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

ఏడో రోజు, "ఏమయ్యా, ఈ గదిలో పొద్దే తెలియట్లేదు. నీ వాచీ ఇస్తావా?" అంది. కొత్త సంవత్సరానికి ఆమె కొనిచ్చిన వాచీయే అది. తనే ఆమె మణికట్టుకు పెట్టాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ రోజంతా అతనికి ఆకలి కూడా వెయ్యలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మంత్రిత్వ శాఖ నుంచంటూ ఒక డాక్టరు వచ్చాడు. కాగితాల్లో వంక లేదు, రష్యన్‌లో యాస లేదు.

"ఎదురు బిల్డింగులో చిన్న పరీక్ష. అరగంటలో తెచ్చేస్తాం."

తైసియా కోటు గుండీలు పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మంచం అంచున కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. మాట్లాడలేదు.

"ఏం, నీరసంగా ఉందా? లేవండి, కింద కారు ఆగి ఉంది," అన్నాడు డాక్టరు నిలబడే.

అర్సేనీకి అర్థమైంది. రష్యాలో దూరప్రయాణం పెట్టుకున్నవాళ్లు గడప దాటే ముందు ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారు, పక్కనున్నవాళ్లూ కూర్చుంటారు. ఇక్కడ పుట్టినవాడికి ఒకరు నేర్పక్కర్లేదు. వీడు ఇక్కడివాడు కాడు. అది సరే. ఎదురు బిల్డింగుకు వెళ్లడానికి మాత్రం ఎవరూ అలా కూర్చోరు. ఆమె చాలా దూరం వెళ్తోంది. ఆమెకు అన్నీ గుర్తొచ్చాయి.

అతను కాలర్ కింద దాచిన అలారం బటన్ నొక్కాడు. డాక్టరు చెయ్యి జేబులోకి పోయేలోగా పక్క వార్డులోంచి తలకు కట్లున్న ఇద్దరు 'రోగులు' దూకి అతన్ని గోడకు నొక్కేశారు.

తైసియా కదల్లేదు. "నువ్వూ కూర్చో సేన్యా."

ఇంట్లో పిలిచే పేరు. నాలుగు నెలలుగా దానికోసమే అతను బతికాడు. పక్కన కూర్చున్నాడు.

"నేనెప్పుడు గుర్తొచ్చాను?"

"ఆరో రోజు. నువ్వు చుక్కలేస్తుంటే నీ ముఖం చూస్తూ నటించాలి. ఎంత కష్టమో నీకు తెలీదు."

"చెప్పొచ్చుగా."

"చెప్తే వాళ్లతో పోనిచ్చేవాడివా?"

అతను అందరి ముందే ఏడ్చాడు.

ఆమె వాచీ విప్పి వెనక మూత తీసింది. గోరంత ఫిల్మ్. "నిన్నెవరూ సోదా చెయ్యరని నీ దగ్గరే దాచాను," అంటూ అతని అరచేతిలో పెట్టింది.

కింద జైలు వ్యాన్ వచ్చింది, గార్డులు గదిలోకి వచ్చారు. తైసియా లేవబోయింది.

"ఆగు. అందరూ కూర్చోండి," అన్నాడు అర్సేనీ.

గార్డులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, టోపీలు తీసి, ఎదుటి మంచం మీద కూర్చున్నారు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమెను తీసుకెళ్లారు.

సాయంత్రం కల్నల్ పంపిన ఫారంలో ఒకటే ప్రశ్న ఉంది: మందు పనిచేసిందా?

అర్సేనీ రాశాడు: "చేసింది. రోగి భర్తను గుర్తుపట్టింది."