నచ్చినా నచ్చకపోయినా

పెసరట్టు సగం తినేసరికి భ్రమరాంబ మణికట్టు మీద మనసుపట్టీ చిన్నగా అదిరింది.

"అలలతోట జంట సభ్యత్వం ఈ నెలతో ముగుస్తుంది. సభ్యుల మనసుకు అక్కడ కష్టంగా ఉంటోంది" అని చెవిలో చెప్పింది.

భ్రమరాంబ పళ్లెం పక్కకి జరిపింది. ఆ కష్టం తనది కాదు. అయితే అన్నయ్య భార్య ఇందుమతి వదినదే. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని వారమంతా తను కాచుకుని కూర్చుంటే, వదినకి అది బరువైపోయిందన్నమాట.

కాకినాడలో ఇప్పుడు ఎవరూ దేన్నీ మానుకోవడం లేదు. ఆ పనేదో పట్టీయే చూసుకుంటుంది. నాడి పట్టుకుని, చెమట చూసి, ఊపిరి లెక్కగట్టి, మనసుకి హాయైతే ఆకుపచ్చగా, కష్టమైతే ఎర్రగా మారుతుంది. నెలాఖరుకి నచ్చినవాటిని పొడిగిస్తుంది, నచ్చనివాటిని తుంచేస్తుంది. పాలు, సినిమాలు, వీణ పాఠాలు, చివరికి చుట్టరికాలు కూడా నెలవారీ సభ్యత్వాలే అయి కూర్చున్నాయి. ఒకసారి తుంచిందంటే ఇక అటువైపు స్వయంరథం కదలదు. నడిపే మనిషి లేని ఆ బండి పట్టీ మాట తప్ప మరొకరి మాట వినదు.

భ్రమరాంబ పుట్టిల్లు తెగిపోయింది అలాగే. ఆమె మొగుడు గవర్రాజుకీ, అన్నయ్య వెంకటరాయుడికీ ఓ పెళ్లి భోజనాల దగ్గర మాటామాటా వచ్చింది. ఎవరిని ముందు పంక్తిలో కూర్చోబెట్టలేదన్నది తగువు. వెనకటి రోజుల్లో అయితే కొన్నాళ్లు మూతులు ముడుచుకుని, ఏ బారసాలలోనో ఎదురుపడి, పెద్దవాళ్లు నాలుగు చీవాట్లు పెడితే కలిసిపోయేవారు. ఇప్పుడు అంత శ్రమ లేదు. ఇద్దరి పట్టీలూ ఎర్రబడ్డాయి, రాకపోకలు ఆగిపోయాయి. వదినా మరదళ్లకి మిగిలింది సముద్రం ఒడ్డున ఆటల పార్కు, ఆ అలలతోట ఒక్కటే. అదీ తగువుకి ముందు ఇద్దరి పేరునా తీసుకున్న సభ్యత్వం కాబట్టి.

అక్కడ వాళ్లు ఉద్ధరించేదేమిటంటారా? రంగులరాట్నం నీడన చేరి, మిక్చర్ పొట్లం మధ్యలో పెట్టుకుని ఒకరినొకరు దెప్పుకోవడమే. "నీ నోటికి జడిసి సముద్రం వెనక్కి పోతోందే" అని వదిన ఇందుమతి అంటే, "నీ చీర రంగు చూసి మళ్లీ ముందుకొస్తుందిలే వదినా" అని ఈవిడ అనేది. వదినా మరదళ్లన్నాక ఎకసెక్కాలాడుకోకపోతే ఎలా? ఇన్నేళ్లూ అలాగే అనుకుంది భ్రమరాంబ. ఈ కబురు విన్నాక మాత్రం తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. 'పాపిష్టి నోరు. ఏ మాట ఎక్కడ గుచ్చుకుందో' అనుకుంది.

ఆ రోజే ఆ నెలకి ఆఖరి శుక్రవారం. ఈ ఒక్కరోజు వదిన మనసు కష్టపెట్టకపోతే పట్టీ కనికరిస్తుందేమోనని ఆశపడింది.

"రండి వదినగారూ, కూర్చోండి. చీర చాలా బాగుందండీ" అంది, వదిన తోటలో అడుగు పెట్టగానే.

ఆ 'అండీ' ఎవరికా అని ఇందుమతి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఒంట్లో బాగుందా నీకు?"

"మీ దయవల్ల బాగానే ఉందండీ."

ఇందుమతి కొంగు సర్దుకుని కూర్చుంది. తనూ, "ఇంట్లో అందరూ కులాసాయే కదండీ" అంది. ఆ మాటకి భ్రమరాంబ ప్రాణం ఉసూరుమంది. రంగులరాట్నం ఎక్కాక అది పైకి లేచినప్పుడల్లా వదిన ఆమె జబ్బ పట్టుకుని దాన్ని కనిపెట్టినవాడిని తిట్టేది. ఇవాళ ఇద్దరూ చెరో కమ్మీ పట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. డాక్టరు పిలుపు కోసం కాచుకున్న రోగుల్లా ఉంది వాళ్ల వాలకం.

ఎదుటివాళ్ల పట్టీ రంగు చూడ్డం మర్యాద కాదు, జీతమెంతని అడిగినట్టే ఉంటుంది. అందుకే ఆడవాళ్లు దాన్ని కొంగు చాటున దాచుకుంటారు. సాయంత్రం గేటు దగ్గర బండి కోసం నిలబడ్డప్పుడు గాలికి ఇందుమతి కొంగు ఎగిరింది. చూడకూడదనుకుంటూనే చూసింది భ్రమరాంబ. పట్టీ నిప్పుకణికలా ఎర్రగా ఉంది.

ఇక ఆగలేకపోయింది.

"నేనంటే గిట్టకపోతే నాతో చెప్పొచ్చుగా వదినా. మరతో చెప్పించాలా?"

"గిట్టనిది నాకా?" ఇందుమతి గిరుక్కున తిరిగింది. "ఆపేస్తున్నామని నాకూ చెప్పింది ఈ మాయదారి పట్టీ. నీకే విసుగెత్తిందనుకున్నాను. పొద్దుట్నుంచీ అండీ, అండీ అంటూ నన్ను పరాయిదాన్ని చేసిందెవరు? ఏదీ, నీది చూపించు."

భ్రమరాంబ చెయ్యి చాపింది. అదీ ఎర్రగానే ఉంది.

"లోపల ఉన్నంతసేపూ నాది పచ్చగానే ఉంటుందే" అంది ఇందుమతి నెమ్మదిగా. "ఈ గేటు దగ్గరికొచ్చేసరికి ఎర్రబడుతుంది. ఇల్లు చేరేదాకా అంతే."

"నాదీ అంతే వదినా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విడిపోయేటప్పటి దిగులంతా ఆ మర తోట ఖాతాలో వేసేసింది. ఏడుస్తున్నారని కనిపెట్టింది గాని, ఎందుకేడుస్తున్నారో దానికి తెలియలేదు.

"బోలెడు చదువుకున్నావు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది ఇందుమతి కళ్లు తుడుచుకుంటూ. "నోరారా తిట్టక, గంగిరెద్దులా తలాడిస్తావా రోజంతా?"

"నిన్ను చూసే నేర్చుకున్నానులే."

మణికట్ల మీద రెండు పట్టీలూ పచ్చబడ్డాయి. హమ్మయ్య అనుకుంది భ్రమరాంబ. పొద్దుటినుంచీ గుండెల మీద కూర్చున్న బండరాయి దిగిపోయింది.

టిక్కెట్ల కిటికీలో ఉన్న వీర్రాజు వాళ్ల గోడు మొత్తం విన్నాడు. "నెల సభ్యత్వమంటే పట్టీ ఒప్పుకోవాలమ్మా, నా చేతుల్లో లేదు. సీజన్ పాసని పాతకాలపుదొకటుంది. దానికి పట్టీతో పని లేదు. ఏడాది సొమ్ము ఒకేసారి కట్టేస్తే శుక్రవారం శుక్రవారం బండి గుమ్మంలోకొస్తుంది. మధ్యలో నచ్చకపోయినా డబ్బు తిరిగి రాదు. అందుకే ఎవరూ అడగరు" అన్నాడు.

"మాకు నచ్చక్కర్లేదు నాయనా, రావడానికి ఉంటే చాలు" అంది ఇందుమతి.

"ఇద్దరికేనా అమ్మా?"

ఇందుమతి వేళ్ల మీద లెక్కపెట్టింది. "నలుగురికి ఇవ్వు."

భ్రమరాంబ తెల్లబోయింది. "ఆ మగాళ్లిద్దరికీనా? ఒకళ్ల నీడ ఒకళ్లకి పడదు కదే వదినా."

"పడకపోనీ. డబ్బు కట్టేశాక వదులుకునే రకాలా వాళ్లు? చచ్చినట్టు వస్తారు. కొన్నాళ్లు మొహాలు తిప్పుకుంటారు. ఆ తర్వాత కసురుకుంటారు. కసురుకోవడం మొదలెట్టారంటే సగం దారికొచ్చినట్టే." ఇందుమతి కిటికీ మీద మోచెయ్యి ఆనించింది. "గిట్టకపోవడానికైనా కాస్త వ్యవధి ఉండాలి గదే. నెలకోసారి తుంచేస్తే మనుషులు ఎప్పుడు కలుస్తారు?"

వీర్రాజు పేర్లు చెప్పమన్నాడు. భ్రమరాంబ నవ్వుతూనే తన పేరూ, వదిన పేరూ, మొగుడి పేరూ చెప్పింది. అన్నయ్య పేరు మాత్రం బాగా మెల్లగా చెప్పింది. ఆ పేరు నోట పలికి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. వీర్రాజుకి సరిగ్గా వినబడలేదని, రెండోసారి గట్టిగా చెప్పింది.