మైమైలో మూడో చోటు

కుక్కను ఎంచుకుందామని వెళ్ళి మనిషిని ఎంచుకుని వచ్చినవాడి కథ ఇది. ఎంచుకోవడం ఒక్క క్షణంలో అయిపోయింది. ఆ మనిషి లెక్కలో తాను పడడానికే ఐదు వారాలు పట్టింది.

మార్చి చివరి శనివారం. భూగోళం దక్షిణపు కొసన, మే నెలలో చలికాలం మొదలయ్యే మటౌరా లోయలో వాన. ఆ లోయలో వాన పడితే ఎవరూ చెప్పుకోరు, పడకపోతేనే చెప్పుకుంటారు. డుగల్ తన పాత ట్రక్కును వేటకుక్కల్ని పెంచి అమ్మే నైరీ పాక ముందు ఆపి, ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో సగం తిన్న సాసేజ్ రోల్ పట్టుకుని దిగాడు. దిగీ దిగగానే గోధుమరంగు చుక్కల కుక్క ఒకటి బాణంలా వచ్చి రోల్ లాక్కుని, రెండు గుటకల్లో మింగి, ఏమీ ఎరగనట్టు ముందు కూర్చుంది.

"అయ్యో! అది మీదా?" గేటు దగ్గర్నించి నైరీ కేకేసింది.

"ఇందాకటిదాకా నాదే. ఇప్పుడు దానిది."

"పేరు డ్యాష్. ఎవరొచ్చినా ముందు డాష్ ఇచ్చి పలకరిస్తుంది."

ఆమె దగ్గరికొచ్చింది. టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. జుట్టులో గడ్డిపోచలు, మోకాళ్ళదాకా ఏ కొండదో ఎర్ర బురద. డుగల్ ఆమెను చూశాడు. కుక్క డుగల్ జేబులు చూసింది. ఎవరికి కావలసింది వాళ్ళు వెతుక్కున్నారు.

నిజానికి డుగల్ వచ్చింది తాత కోసం. తాత ఎవాన్‌కి ఎనభై ఒకటి. మే నెల మొదటి శనివారం బాతుల వేట మొదలవుతుంది. ఆ తెల్లవారుజామున తన చెరువు గట్టున లేకుండా తాత ఒక్క ఏడాది కూడా గడపలేదు. కానీ తుంటి ఎముక ఇక సహకరించనంటోంది. "ఇదే ఆఖరుసారిరా," అని ఆయనే చెప్పేశాడు. పోయిన శీతకాలం ముసలి కుక్క మాస్ చచ్చిపోయింది. తాతకో పట్టుదల ఉంది: తెచ్చుకోలేని పక్షిని కాల్చకూడదు. గాయపడి రెల్లులో పడ్డ బాతును అక్కడే వదిలేసేవాడు వేటగాడు కాడు, వెధవ. కాబట్టి ఈలోగా తర్ఫీదైన కుక్క దొరక్కపోతే తాత తుపాకీ గోడ దిగదు. ఆ ఆఖరుసారి పోయినేడే అయిపోయినట్టు.

"ఏ జాతి కావాలో మీరు చెప్పకండి, నేను చెప్తాను," అంది నైరీ, అతన్ని చూరు కిందికి లాగి. "నావి మూడే ప్రశ్నలు. ఎక్కడ వేటాడతారు? ఎంత దూరం నడుస్తారు? ఇంట్లో పొయ్యి దగ్గర కుక్క పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఇంతకీ జాతి..."

"అందరూ జాతి చూస్తారు, జాతకం నేను చూస్తాను. చెరువు గట్టున గంటలు గంటలు కూర్చునేవాళ్ళకి లాబ్రడార్. ముళ్ళపొదల్లో దూరేవాళ్ళకి స్పానియల్. కొండలమీద నడిచేవాళ్ళకి ఇదిగో, డ్యాష్ లాంటి పాయింటర్. ఒకదాని పని ఇంకోదానికి అంటగడితే పాపం కుక్కకి. నాకు అబద్ధం చెప్పినవాళ్ళకి నా దగ్గర కుక్క ఉండదు. సరేనా?"

"సరే."

"పొద్దుట్నుంచి మీరు ఎనిమిదోవారు. ఏడుగురూ చెరువు బాపతే! బురదలో బల్లేసుకుని సాండ్‌విచ్‌లు తింటూ, బాతు దానంతటదే వచ్చి ఒళ్ళో పడుతుందని చూస్తారు. దాన్ని వేటంటారా? నన్నడిగితే అది పిక్నిక్." ఆమె నవ్వింది. "మరి మీరు?"

డుగల్ చెరువు బాపతులో మూడో తరం. పైగా పాల ట్యాంకర్ డ్రైవరు, అంటే కూర్చోవడమే ఉద్యోగం. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచాడు. ఆ నవ్వు ఇంకా ఆమె బుగ్గమీంచి దిగలేదు.

"కొండలు," అంది అతని నోరు.

"నిజంగా? కౌజు పిట్టలకా?"

"ప్రతి వారం," అంది నోరు మళ్ళీ. తుపాకీతో ఏనాడూ అంత గురిగా కొట్టలేదు డుగల్.

నైరీ మొహం వెలిగింది. ఆ వెలుగు చూశాక వెనక్కి తగ్గడం మగవాడికి కష్టం, మూర్ఖుడికి అసాధ్యం. డుగల్ రెండూను.

*

నైరీ ఊరికే కుక్కనివ్వదు. కొనేవాడు ముందు మూడు శనివారాలు ఆమెతో, ఆ కుక్కతో కలిసి నడవాలి. సీజన్ ఇంకా మొదలవలేదు గనక తుపాకీ ఉండదు. నడక, కుక్క, గాలి, అంతే.

మొదటి శనివారం డుగల్ ఎక్కిన కొండకి ముందు అతను ఎక్కిన ఎత్తైన వస్తువు పాల ట్యాంకరు. నైరీ ముందు, డ్యాష్ ఇంకా ముందు, వెనకాల ఎక్కడో ఈలవేసే కెటిల్‌లా డుగల్. సగం దూరంలో జారి పక్కనున్న మటగౌరి పొదను కౌగిలించుకున్నాడు. పేరు గౌరి, పని మహంకాళి. అరచేతినిండా ముళ్ళే.

"ప్రతి వారం కొండెక్కే మనిషికి మటగౌరిని పట్టుకోకూడదని తెలీదా?" నైరీ అతని చేతిని తన మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్క ముల్లూ తీస్తోంది.

"తెలుసు. ఆవిడే నన్ను పట్టుకుంది."

"నొప్పిగా ఉందా?"

"లేదు. నెమ్మదిగా తియ్యి. తొందరేం లేదు."

ఆమె తల ఎత్తి చూసి, మళ్ళీ వంచుకుంది. ఆ తర్వాతి ముల్లు తియ్యడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

రెండో శనివారం గాలి దక్షిణం నుంచి కోస్తోంది. గడ్డి దుబ్బుల మీద డ్యాష్ అటూ ఇటూ దూసుకుపోతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ముందుకాలు ఒకటి గాల్లో, తోక నిటారు, ముక్కు ఒక పొదకేసి.

"ఆగు," నైరీ గుసగుసలాడింది. "అది ఆగితే మనమూ ఆగాలి. దాని నమ్మకం అదే. మనం వెనకొస్తున్నామని."

ఇద్దరూ ఆగారు. ఆమె భుజం అతని భుజానికి ఆనుకుంది, గాలికి అడ్డం కోసమే కావచ్చు. పొదలోంచి కౌజు పిట్టలు ఒక్కసారి భగ్గుమని లేచాయి. డ్యాష్ కదల్లేదు. డుగల్ గుండె మాత్రం వాటితో పాటే లేచిపోయింది.

"మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు? ఆ ప్రశ్నకి జవాబివ్వనేలేదు," అంది నైరీ దిగేటప్పుడు.

"తాత. ఎనభై ఒకటి. కుక్క అసలు ఆయన కోసమే."

"ఎనభై ఒకటా! ఆయనా ఈ కొండలెక్కుతారా?"

"తాత... గట్టివాడు," అన్నాడు డుగల్. అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ, అతని అబద్ధం తుంటి విరిగిన ముసలాయన్ని కూడా కొండెక్కించింది.

మూడో శనివారం వాన. కొండ దిగొచ్చాక చూరు కింద నిలబడి నైరీ కుక్క తాడు అతని చేతిలో పెట్టింది. వేళ్ళు తగిలాయి. తియ్యాలని ఇద్దరికీ తోచలేదు.

"దీన్ని పిల్లప్పట్నుంచీ నేనే పెంచాను," అంది. "ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. నువ్వు కొండల మనిషివి గనక ఇస్తున్నాను."

*

తాత డ్యాష్‌ను చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒరేయ్, ఇది కుక్కా జింకా?"

"పాయింటర్, తాతా. బంగారం లాంటి ముక్కు."

"ముక్కు సరే. చెరువు గట్టున చలిలో చొక్కా లేకుండా కూర్చోగలదా?"

మర్నాడు ఆదివారం పొద్దున్నే ముగ్గురూ మైమైకి వెళ్ళారు. చెరువు ఒడ్డున కర్రలతో, రెల్లు తడకలతో తాత కట్టుకున్న గూడది. బాతులకు కనపడకుండా అందులో కూర్చోవాలి. మైమై అంటే మైమరచి కూర్చునే చోటని డుగల్ నమ్మకం. లోపల ముగ్గురు పట్టే బల్ల: తాతకి, నాయనమ్మకి, చిన్నప్పటి డుగల్‌కి. నాయనమ్మ పోయిన దగ్గర్నించి ఆమె చోట టీ ఫ్లాస్కు కూర్చుంటోంది.

డ్యాష్ ఐదు నిమిషాలు బుద్ధిగా కూర్చుంది. పదో నిమిషానికి గట్టుకేసి చూసింది. ఇరవయ్యో నిమిషానికి పొట్టి వెంట్రుకల ఒళ్ళు గడగడా వణకడం మొదలెట్టింది. తాత చెక్క బాతొకటి నీళ్ళలోకి విసిరాడు. డ్యాష్ ఈదింది, తెచ్చింది కూడా. తెచ్చి తాత కాళ్ళ దగ్గర పెట్టి, పళ్ళు టకటకలాడిస్తూ ఆయన కళ్ళలోకి చూసింది. చెప్పిన పనల్లా చేస్తాను గానీ, ఇక్కడెందుకు? అన్నట్టు.

తాత తన కోటు విప్పి దానికి చుట్టాడు.

"మంచి కుక్కరా. తప్పు దానిది కాదు." దాని వీపు రుద్దుతూ, "ఆ పిల్లకి ఏం చెప్పావు?"

"కొండలెక్కుతానని."

"ఎందుకూ?"

డుగల్ చెవులు ఎర్రబడ్డాయి. తాతకి అంతకన్నా జవాబక్కర్లేదు.

"చూడటానికి బాగుంటుందా?"

"నవ్వితే ఎక్కువ."

"మీ నాయనమ్మ కూడా అంతే. నేనూ ఆవిడకి డాన్సొచ్చని చెప్పాను." తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ఆ అబద్ధానికి నా కాళ్ళే నొప్పెట్టాయి. నీ దానికి చలేసింది మాత్రం ఈ మూగజీవికి."

దాచిపెడితే నైరీ మిగులుతుందేమో. తాత ఆఖరి వేట, డ్యాష్ ఒంటి వెచ్చదనం మిగలవు. చెప్తే ఆమె మిగలదు. డుగల్ ట్రక్కు తాళం తీసుకున్నాడు.

*

నైరీ పాక ముందు వాన అలాగే ఉంది. డుగల్ ఇంజను ఆపకుండానే, తాను దిగేముందే కుక్కను దించాడు. అది తాత కోటుతోనే దిగింది.

"ఏమైంది దీనికి?" నైరీ పరిగెత్తుకొచ్చింది.

"చెరువు గట్టున కూర్చోబెట్టాం. నైరీ, నేను కొండల మనిషిని కాదు. నీతో ఎక్కిన మూడుసార్లే నేను కొండెక్కింది. మాది చెరువు. బల్ల, సాండ్‌విచ్, పిక్నిక్, అన్నీ. తాతకి తుంటి విరిగి నాలుగేళ్ళయింది."

"మరి ఎందుకు చెప్పావు?"

"నువ్వు నవ్వావు."

"నేను నవ్వితే నా కుక్కని వణికిస్తావా?" ఆమె వంగి డ్యాష్ చెవులు, పాదాలు తడిమి చూసింది. "నాకు ఒక్కటే రూలు. ఒక్కటి!"

"తెలుసు. అందుకే తెచ్చేశాను. దానికి నీ కొండలే కావాలి." "నాక్కూడా," అన్నాడు గానీ ట్రక్కు ఇంజను చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు.

నైరీ తలుపు వేసుకుంది. కోటు మాత్రం తిరిగివ్వలేదు.

*

మే మొదటి శనివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. లోయంతా అన్ని చెరువుల దగ్గరా టార్చిలైట్లు మినుకుమంటున్నాయి. తాత తుపాకీ లేకుండానే మైమైలో కూర్చున్నాడు. "చూసి పోదామనిరా," అన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తుపాకీ లేని ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. డుగల్ అటు చూడలేకపోయాడు.

గట్టు మీద బురదలో చపక్ చపక్ మని అడుగులు.

"ఈ చెరువుకి దారి వేసినవాడెవడో గానీ వాడికి దారే తెలీదు!"

నైరీ! తనకు రెండింతలున్న రబ్బరు బూట్లలో, ఒక చేత్తో తాత కోటు, ఒక చేత్తో నల్లటి, లావుపాటి, మూతి నెరిసిన లాబ్రడార్.

"ఇది పుడ్డింగ్," అంది తాతతో. "నా సొంత కుక్క. ఎవరికీ అమ్మను. ఇవాళ్టికి మీకు అరువు." డుగల్ వైపు తిరిగి, "నీకు కాదు. ఆయనకి."

"అరువైతే వడ్డీ ఏమిటమ్మాయ్?" అన్నాడు తాత.

"మీరు తెచ్చుకోలేని పక్షిని కాల్చరట కదా. లోయలో అడిగితే అందరూ చెప్పారు. అలాంటివాళ్ళకి వడ్డీ లేదు."

తాత డుగల్ వైపు చూశాడు. డుగల్ పరుగున ఇంటికి వెళ్ళి గోడ మీది తుపాకీ తెచ్చేసరికి తెల్లవారింది.

పుడ్డింగ్ నీటి అంచున కూర్చుంది. గంట కదల్లేదు, గంటన్నర కదల్లేదు. వానచినుకులు దాని వీపు మీద తామరాకు మీద నీళ్ళలా జారిపోయాయి. రెక్కల చప్పుడు వినగానే చెవులొక్కటే లేచాయి. తాత నిలబడ్డాడు. ఒక్కటే దెబ్బ. అవతలి రెల్లులో ఎక్కడో బాతు పడింది, మనుషులెవరికీ అది కనపడని చోట. పుడ్డింగ్ కంటికి మాత్రం కనపడింది. చన్నీళ్ళలోకి దిగి, చెరువు రెండుగా చీల్చుకుంటూ వెళ్ళి, రెల్లులో మాయమైంది. తాత ఊపిరి బిగబట్టాడు. అది బాతును నోట కరచుకుని తిరిగొచ్చి, ఈక కూడా నలగకుండా, తాత అరచేతుల్లో పెట్టింది.

"చాలు," అన్నాడు తాత. తుపాకీ మడిచి తూటాలు తీసేశాడు. కళ్ళు తుడుచుకుని, నేరం వాన మీదికి నెట్టాడు.

నైరీ ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. డుగల్ తన సాండ్‌విచ్ సగం చేసి అందించాడు. తీసుకుంది.

"పిక్నిక్ బానే ఉంది," అంది ఎటో చూస్తూ. తర్వాత అతని వైపు తిరిగింది. "మళ్ళీ అడుగుతాను. ఈసారి సరిగా చెప్పు. ఎక్కడ వేటాడతావు?"

"ఇక్కడ. ఈ బురదలో."

"ఎంత దూరం నడుస్తావు?"

"మామూలుగా ట్రక్కు దాకా. నువ్వు ముందు నడిస్తే, ఆ మటగౌరి దాకా. ముళ్ళు నువ్వే తియ్యాలి."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. "ఇంట్లో పొయ్యి దగ్గర?"

"తాత," అన్నాడు డుగల్. "ఇంకో చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చునేవాళ్ళు శనివారాలు కొండెక్కినా నాకేం అభ్యంతరం లేదు. వెనకాల వస్తాను. ఆగినప్పుడు ఆగుతాను."

పుడ్డింగ్ వచ్చి తన తడి ఒళ్ళంతా డుగల్ బూట్ల మీద పరిచి పడుకుంది.

"అది ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర పడుకోదు," అంది నైరీ మెల్లగా.

తాత గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఎంతసేపు నిలబడతావు? ఈ బల్ల ముగ్గురి కోసం చేసింది."

ఆయన చెయ్యి చాపి నాయనమ్మ చోటునుంచి టీ ఫ్లాస్కు తీశాడు. నైరీ వచ్చి కూర్చుంది. ఫ్లాస్కు పెట్టడానికి ఇక చోటెక్కడా మిగల్లేదు గనక, ఆ రోజంతా తాత దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.