మిల్లువాళ్ళు మింగేసిన నీలం

అత్తాకోడళ్ళు పొద్దున్నే ఒకే బల్ల ముందు కూర్చుని, ఒకే గిన్నెలో కుంచెలు ముంచుకుంటూ, గొంతు లేవకుండా పని చేసుకుంటారంటే ఆ వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. ఏదో మతలబు ఉండే ఉంటుందనేవారు. మతలబు ఉన్నమాట నిజమే, కాకపోతే వాళ్ళు ఊహించింది కాదు.

ఆ రోజు కూడా తెల్లవారుజాము నుంచే ముసురు పట్టింది. భోజనాల బల్ల మీద ఉప్పుడబ్బా, నీళ్ళజగ్గూ ఒక మూలకి జరిగిపోయాయి. మిగతా చోటంతా కాగితాలే. కోడలు బట్టల మిల్లులో డిజైనరు. గౌన్ల గుడ్డల మీద అచ్చుపడే పూలూ తీగలూ ఆమె గీసినవే. ఈసారి ఆమెకి దొరికినవి పూలు కావు, వెల్లుల్లి పొట్టు. నిన్న వంటగట్టు తుడవబోయి, తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసింది. పల్చటి తెల్లటి రేకులు, వాటి మీద ఉన్నాయా లేవా అన్నట్టు ఊదారంగు నరాలు. గాలికి ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. వాటిని కదపకుండా అక్కడే నిలబడి గీసుకుంది. పాలు పొంగి పోయాయి కూడా.

ఒక కాగితం మీద బొమ్మ కుదిరితే సరిపోదు. అదే బొమ్మ పక్కనా కిందా మళ్ళీ మళ్ళీ పడుతూ గుడ్డ థాను పొడవునా సాగాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసేవాళ్ళకి దొరక్కూడదు. అందుకని ఆమె కాగితాన్ని నిలువునా సగానికి కత్తిరించి, కుడి సగాన్ని ఎడమకీ, ఎడమ సగాన్ని కుడికీ మార్చి అతికించింది. అంచులు రెండూ మధ్యకొచ్చి కలుసుకున్నాయి. అక్కడ ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని అతుకు తెలియకుండా నింపడమే అసలు పని.

"ఏదీ, ఇలా ఇయ్యి," అంది అత్తగారు. కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఈ రెండు రేకులూ ఒకే వైపు వాలాయి. గుడ్డ మీద వరసకట్టి కనబడతాయమ్మాయ్. ఒకదాన్ని బోర్లా తిప్పు."

కోడలు తిప్పింది. నిజంగానే అతుకు మాయమైంది.

అత్తగారు పెళ్ళికి ముందు నుంచి తల నెరిసేదాకా అదే మిల్లులో రంగుల గదిలో పనిచేసింది. అందరూ రంగులమ్మ అనేవారు. ఉద్యోగం విరమించాక కొన్నాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చుంది. కోడలే బతిమాలి బల్ల దగ్గరికి తెచ్చుకుంది. "బొమ్మ నాది, రంగు మీది," అని ఒప్పందం. అప్పట్నుంచీ బొమ్మ తయారు కాగానే అత్తగారు చిన్న కాగితాల మీద రంగులు కలిపి ఇచ్చేది. గుడ్డ అచ్చయ్యాక తన కాగితంతో పాటు ఒక ముక్క తెచ్చి తీరాలనేది. కాగితాన్ని ఆ ముక్క అంచుకి సూదితో కుట్టి మంచం కింద పెట్టెలో దాచుకునేది.

"దీనికి నేల, అదే బొమ్మ వెనక రంగు, వాన మబ్బులా ఉండాలి," అంటూ అత్తగారు బూడిదరంగులో నీలం కలిపింది. చాలదని ఇంకొంచెం కలిపింది. తల వాల్చి చూసి, ఇంకా చాలదని మళ్ళీ కుంచె ముంచింది. "ఎలా ఉంది?"

కాగితం మీద మబ్బు లేదు. కళ్ళు మూసుకున్నా పొడుచుకొచ్చే నీలం ఉంది.

"బాగుందత్తయ్యా," అంది కోడలు.

"బాగుంటుంది, కాగితం మీద. ఆ ప్రింటింగ్ మాస్టరు చేతిలో పడ్డాక కదా దాని గతి! పోయినసారీ నీలం సగం మింగేశాడు. గుడ్డంతా మడ్డిగా వచ్చింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడిందట, అలా ఉంది ఆయన వరస. గట్టిగా అడుగు."

"అడుగుతానత్తయ్యా."

మిల్లుకి వెళ్ళాక కోడలు చేసిన మొదటి పని, ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, కొత్త కాగితం మీద తనే వాన మబ్బు రంగు కలుపుకోవడం. చాలాకాలంగా చేస్తున్నదే. మొదటిసారి రంగు తేడా వచ్చినప్పుడు "కొంచెం ఎక్కువైందేమో అత్తయ్యా" అని నోరు జారింది. అత్తగారు కుంచె కడిగి, గిన్నె బోర్లించి లేచిపోయింది. వారం రోజులు బల్ల వైపు రాలేదు, ఒక్క పూటా సరిగ్గా తినలేదు. "ఆవిడకి ఇంకేముందిలే, నువ్వే అక్కడ సర్దెయ్యరాదూ?" అన్నాడు బస్సు డిపోలో గుమస్తాగా చేసే భర్త. ఆమె సర్దేసింది. తర్వాత సర్దడం అలవాటైపోయింది.

ఆ సాయంత్రం కోడలు ఇంటికి వచ్చేసరికి అత్తగారు నుదుటి మీద తడిగుడ్డ పెట్టుకుని కూర్చుని ఉంది. ఎడమవైపు తలుపు రెక్క తగిలిందట.

"తలుపు అక్కడే ఉందిగా అత్తయ్యా, చూసుకోలేదా?"

"అదే వచ్చి తగిలింది," అని నవ్వింది అత్తగారు. నవ్వుతూనే టీ కప్పు కోసం చెయ్యి చాచింది. చెయ్యి కప్పుకి బెత్తెడు దూరంలో బల్లని తడిమింది.

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది కోడలు. డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసింది.

"రంగుల్లో తేడా ఎప్పట్నుంచి కనబడుతోందమ్మా?"

"తేడానా? నాకా?" అత్తగారు గర్వంగా తలెత్తింది. "చూపు మసకేసిందేమో గానీ డాక్టరుగారూ, నా కంటికి రంగు తప్పదు. రంగుల గదిలోనే బతుకంతా గడిపినదాన్ని. కావాలంటే మా కోడల్ని అడగండి. రోజూ నా ఎదురుగానే కూర్చుంటుంది."

డాక్టరు కోడలి వైపు తిరిగింది. కోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"అవునండీ," అంది.

అత్తగారిని ఇంకో పరీక్షకి లోపలికి తీసుకెళ్ళాక డాక్టరు గొంతు తగ్గించింది. "రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయి. కుడికన్ను ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. ఎడమకంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. అది ఇక రాదు. ఏడాది ముందు వచ్చి ఉంటే రెండూ దక్కేవి. ఇలాంటివాటిలో ముందు రంగులే మారతాయి, అంతా పసుపు పూసినట్టు కనబడుతుంది. మామూలుగా ఇంట్లో ఎవరో ఒకరు కనిపెడతారు. ఆవిడకి ఆ తేడా కూడా రాకపోవడం చిత్రంగా ఉంది."

కోడలు గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఇంటికొచ్చాక భర్తతో వంటింట్లో గుసగుసగా చెప్పింది. "మనకి తెలుసండీ. మనకి ముందే తెలుసు."

"ఏం తెలుసు? రంగు తేడా అని తెలుసు. కన్ను పోతుందని తెలుసా?"

"ఎందుకు తేడా వస్తోందని ఒక్కసారైనా అడిగామా?"

అతను చేతిలో గ్లాసు పక్కన పెట్టాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఉన్న ఒక్క కంటితోనైనా ఆవిణ్ణి సంతోషంగా ఉండనీ."

"ఆ కంటితోనే కదండీ పెట్టెలో గుడ్డలు చూస్తారు!"

ఆపరేషన్ రోజున అత్తగారు ఆసుపత్రిలో ఉండగా కోడలు ఒక్కర్తే ఇంటికొచ్చి మంచం కింద పెట్టె బయటికి లాగింది. మూత తీయగానే గంజి వాసన, కొత్త గుడ్డ వాసన. ఆ గుడ్డముక్కల్ని ఎక్కడైనా పడేసి, చెదలు పట్టాయని చెప్పొచ్చు. పైనున్న ముక్కని చేతిలోకి తీసుకుంది. అంచుకి కాగితం వంకర టింకరగా కుట్టి ఉంది. సూది ఎక్కడ దిగుతోందో కనబడక వేలు గుచ్చుకుందేమో, కుట్టు పక్కన ఎండిన రక్తపు చుక్క. కోడలు ఆ ముక్కని ఉన్నచోటే పెట్టి, పెట్టెని లోపలికి తోసేసింది.

కట్టు విప్పిన రోజున అత్తగారు ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత గోడ చూసింది. "ఇది తెల్లగోడా! మీగడ రంగేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ," అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొడుకు కూడా నవ్వాడు. ఎడమకన్ను సంగతి డాక్టరు ముందే చెప్పింది. దానికి ఆమె, "ఉన్నది చాలు తల్లీ, రంగు చూడ్డానికి ఒకటి చాలు," అంది. కోడలు మాత్రం ఆ తెల్లగోడ వైపు చూడలేకపోయింది.

రెండు రోజులు గడిచాక, ఆదివారం ఉదయం, అత్తగారి గదిలోంచి పిలుపు వినబడింది. "ఇలా రా అమ్మాయ్."

మంచం నిండా గుడ్డముక్కలు పరిచి ఉన్నాయి. అత్తగారు నేల మీద కూర్చుని ఉంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కోడలు తట్టుకునేదే.

"ఇవి చూడు, పాతవి. గుడ్డా కాగితం కవలపిల్లల్లా ఉన్నాయి. ఇవీ అంతే. ఇక్కణ్ణుంచి చూడు." ఆమె వేలు నత్తల బొమ్మ ఉన్న ముక్క మీద ఆగింది. "ఇది నాకు జ్వరమొచ్చి తగ్గాక వేసింది. ఇక్కణ్ణుంచి కాగితం ఒక దారి, గుడ్డ ఒక దారి. ఎవరు మార్చారు?"

"మిల్లులో..."

"మిల్లు పేరెత్తకు. పాపం, ఆ మాస్టరుని ఎన్ని మాటలన్నాను! గుడ్డలో నీలం ఎంత ఉండాలో అంతే ఉంది. కంటికి హాయిగా ఉంది. నా కాగితం చూడు, ఎలా అరుస్తోందో! ఇది మాస్టరు పని కాదు. నీ చెయ్యి. నేను నేర్పిన చెయ్యి నాకు తెలీదా?"

కోడలు తలుపు దగ్గరే కూలబడింది. "అవునత్తయ్యా. నేనే."

"ఎందుకు చెప్పలేదు?"

"ఒకసారి చెప్పాను. వారం రోజులు మీరు తిండి మానేశారు."

"అలిగాను. అలిగినవాళ్ళు చచ్చిపోతారా? రెండోసారి చెప్పలేకపోయావా?"

చప్పుడు విని కొడుకు వచ్చాడు. "అమ్మా, తన తప్పేం లేదు. నేనే సర్దెయ్యమన్నాను. నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక..."

"ఒరేయ్, నువ్వూరుకో. నీకు పుట్టినప్పట్నుంచీ ఎరుపుకీ ఇటుకరంగుకీ తేడా తెలీదు. నిన్నేమీ అనను. ఇది కళ్ళున్న మనిషి." ఆమె మళ్ళీ కోడలి వైపు తిరిగింది. "కన్ను పోయిందని ఏడవడం లేదే. నా కంటి జబ్బు నా కంటికెలా కనబడుతుంది? నీకు కనబడింది. కనబడీ, నా ఎదురుగా కూర్చుని, రోజూ బాగుందత్తయ్యా అన్నావు. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దున్నే లేచేదాన్ని."

కోడలు ముఖం చేతుల్లో దాచుకుంది. "మొదట్లో జాలేనత్తయ్యా. అబద్ధం చెప్పను, తర్వాత అది కూడా కాదు. తేలిగ్గా ఉండేది. అలక లేదు, వాదన లేదు. మీరు సంతోషంగా ఉండేవారు, నేను మంచి కోడల్ని అనిపించుకునేదాన్ని. మీ కన్నుని నా మంచితనమే తినేసింది."

అత్తగారు ముక్కలన్నీ ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. "భోజనానికి రండి", "వద్దు", "మందు వేసుకున్నారా", "ఊఁ". కోడలు పొద్దున్నే బల్ల తుడిచి రెండు కుర్చీలూ వేసేది. వెల్లుల్లి పొట్టు బొమ్మ అలాగే పడి ఉంది. వాన మబ్బు రంగు మిల్లుకి ఇంకా ఇవ్వలేదు. తను కలిపిన కాగితం సంచిలోనే ఉంది, ఇచ్చేస్తే పనైపోతుంది. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మేనేజరు రెండుసార్లు అడిగి, మూడోసారి అరిచాడు.

ఒక ఉదయం ఆమె తల వంచుకుని పొట్టు అంచులు దిద్దుకుంటుంటే ఎదురుగా కుర్చీ కదిలింది. అత్తగారు ఎప్పుడూ కూర్చునే వైపు కాకుండా, కిటికీ వెలుగు కుడికంటికి పడేలా రెండోవైపు కూర్చుంది. రంగులు ముందుకి లాక్కుంది. కుంచె ముంచబోతే గిన్నె అంచుకి తగిలి నీళ్ళు చిందాయి. ఒక్క కంటికి దూరం అందడం లేదు. కోడలు చెయ్యి గిన్నె జరపడానికి లేవబోయి ఆగింది. అత్తగారు రెండోసారి నెమ్మదిగా గురిచూసి ముంచింది.

బూడిద, నీలం, చుక్క నలుపు. నీలానికి భయపడుతోందని కోడలికి అర్థమైంది. కలిపి, కాగితం మీద పులిమి, ఇటు తిప్పింది.

"ఎలా ఉంది?"

బయట వాన చూరు మీంచి కారుతోంది. భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడిపోయాడు. బాగుందనమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. కోడలు కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టింది. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బాలేదత్తయ్యా."

"ఏం బాలేదు?"

"బూడిద ఎక్కువైంది. మబ్బులో వాన లేదు. రంగు చచ్చిపోయింది."

అత్తగారు కాగితం లాక్కుని చూసింది. తల అటూ ఇటూ తిప్పి చూసింది. పెదవులు బిగించింది. ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి, చూపున్న కంట్లోనూ, చూపు లేని కంట్లోనూ. కోడలు లేవబోయింది.

"కూర్చో," అంది అత్తగారు, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "అవునే, చచ్చింది. నువ్వన్నది నిజం." కాగితాన్ని నలిపి పక్కన పడేసి చెయ్యి చాచింది. "ఇంకోటి ఇలా ఇయ్యి."